కథ తెలిసినా గుండెదడ ఎందుకు?

చిత్తూరు పక్కన మా ఊళ్ళో ధర్మరాజుల గుడి ముందు భారతం మొదలైతే పద్దెనిమిది రోజులు ఇంట్లో వంట తొందరగా అయిపోయేది. పగలు హరికథ, రాత్రి వీధి నాటకం. ఆ పద్దెనిమిదిలో ఒకరోజు అర్జునుడు తపస్సు మాను ఎక్కుతాడు. మైదానంలో పొడవాటి మాను నాటి, పైదాకా మెట్లలాగా చెక్కలు కొట్టి ఉంచుతారు. అర్జునుడి వేషం కట్టినాయన మెట్టు మెట్టుకూ ఆగి, పద్యం పాడి, మళ్ళీ ఎక్కుతాడు. కింద పిల్లల కోసం మొక్కుకున్న ఆడవాళ్ళు తడిబట్టలతో కాచుకుని ఉంటారు. ఆయన పైకి చేరాక విసిరే నిమ్మకాయో అరటిపండో కొంగులో పడితే కడుపు పండుతుందని నమ్మకం.

మా పెద్దమ్మ ఏటా అదే చోట కూర్చుని అదే చూసేది. అర్జునుడికి పాశుపతం దొరుకుతుందని ఆమెకు చిన్నప్పటినుంచీ తెలుసు. అయినా ఆయన సగం మాను దాటేసరికి నా చెయ్యి పట్టుకునేది. నా వేళ్ళు నొప్పి పుట్టేంత గట్టిగా పట్టుకునేది.

చాలాకాలం నేను దీనికి సులువైన జవాబు చెప్పుకున్నాను. అంత ఎత్తు ఎక్కుతున్న మనిషి జారిపడతాడేమోనని భయం, అంతే అనుకున్నాను. అందులో నిజం లేకపోలేదు. కానీ దుర్యోధన వధ నాడు ఎవరూ ఏ మానూ ఎక్కరు. మట్టితో చేసిన పెద్ద దుర్యోధనుడి బొమ్మ నేలమీద వెల్లకిలా పడుకుని ఉంటుంది. దాని చుట్టూ భీముడు, దుర్యోధనుడు గదలు పట్టుకుని తిరుగుతారు. ఎవరు పడతారో, ఎక్కడ దెబ్బ తగిలి పడతారో చంకలో ఉన్న బిడ్డకు తప్ప అందరికీ తెలుసు. అయినా జనం ఒకరినొకరు తోసుకుంటారు. "తొడ మీద కొట్టు నాయనా, తొడ మీద" అని గొంతు పోయేలా అరిచిన ముసలాయన్ని నేను కళ్ళారా చూశాను. ఆయన భీముడికి దారి చెప్తున్నాడు.

ఇప్పుడు తిరుపతిలో డిగ్రీ పిల్లలకు తెలుగు చెప్తాను. క్లాసులో కథ చదివించేటప్పుడు ఏటా ఎవరో ఒకరు "మేడం, చివర చెప్పేయొద్దు, సస్పెన్స్ పోతుంది" అంటారు. అనడంలో తప్పేం లేదు. అయితే ఆ మాట విన్నప్పుడల్లా నాకు పెద్దమ్మ చెయ్యి గుర్తొస్తుంది. చివర తెలియకపోవడమే సస్పెన్స్ అయితే ఆమెను పట్టి కుదిపింది ఏమిటి?

ఈ ప్రశ్నను ప్రయోగం చేసి చూసినవాళ్ళున్నారు. శాన్ డియాగోలోని కాలిఫోర్నియా విశ్వవిద్యాలయంలో జొనాథన్ లెవిట్, నికొలస్ క్రిస్టెన్‌ఫెల్డ్ అనే మనస్తత్వ పరిశోధకులు 12 చిన్నకథలు తీసుకుని పాఠకులతో చదివించారు. కొన్ని చివర్లో మలుపు తిరిగేవి, కొన్ని మిస్టరీలు, కొన్ని నెమ్మదిగా సాగే సాహిత్య కథలు. కొందరికి కథ ఉన్నదున్నట్టు ఇచ్చారు, కొందరికి ముగింపు ముందే చెప్పేసి ఇచ్చారు. 2011లో వాళ్ళు అచ్చువేసిన ఫలితాల ప్రకారం మూడు రకాల్లోనూ, సగటున, ముగింపు ముందే తెలిసినవాళ్ళకే కథ ఎక్కువ నచ్చింది. తర్వాత ఇతరులు చేసిన అధ్యయనాల్లో ఫలితాలు ఇటూ అటూ వచ్చాయి కాబట్టి దీన్ని వేదవాక్కు చేసుకోనక్కర్లేదు. కానీ ఒక సంగతి తేలింది. చివర తెలిసిపోతే కథ చచ్చిపోతుందన్న మన గట్టి నమ్మకానికి అంత గట్టి ఆధారం లేదు.

చిక్కు ఎక్కడుందంటే, సస్పెన్స్ అనే ఒక్క మాటలో మనం మూడు వేరు వేరు అనుభవాలను కలిపి మూట కట్టేస్తున్నాం. 1982లో ఇలినాయ్ విశ్వవిద్యాలయానికి చెందిన విలియం బ్రూయర్, ఎడ్వర్డ్ లిక్టెన్‌స్టైన్ ఈ మూటను విప్పారు. జరిగిన సంగతులు ఏ వరసలో జరిగాయన్నది ఒకటి, వాటిని పాఠకుడికి ఏ వరసలో చెప్తున్నామన్నది ఇంకొకటి. ఈ రెండింటి మధ్య తేడాను బట్టి ఉలికిపాటు, కుతూహలం, ఉత్కంఠ అనే మూడు పుడతాయన్నారు.

అలిపిరి మెట్ల మీద పెట్టి చూస్తే ఇది సులభంగా అర్థమవుతుంది. ఒక తల్లి, ఐదేళ్ళ కొడుకు కొండ ఎక్కుతున్నారనుకుందాం. ఆమె ప్రతి మెట్టుకూ పసుపు రాసి కుంకుమ పెడుతోంది.

కథంతా మామూలుగా నడిచి, ఆమె గాలిగోపురం దగ్గర వెనక్కి తిరిగితే పిల్లాడు లేడు. మనకూ అప్పుడే తెలిసింది. అది ఉలికిపాటు. ఒక్క క్షణంలో అయిపోతుంది. కథ గాలిగోపురం దగ్గరే మొదలై, ఆ తల్లి ఒక పిల్లాడి టోపీ చేతిలో పట్టుకుని ఒంటరిగా కూర్చుని ఉందనుకోండి. ఏం జరిగింది, పిల్లాడేడి అని వెనక్కి వెతుకుతాం. అది కుతూహలం. మూడోది చూడండి. పిల్లాడు తల్లి కొంగు వదిలేసి బుడగలమ్మే మనిషి వెంట జనంలోకి నడిచిపోవడం మనం చూశాం. ఆమె చూడలేదు. ఆమె వంగి ఉంది. వేలితో కుంకుమ తీసింది, పెట్టింది, లేచింది, ఇంకో మెట్టుకు వంగింది. ఇది ఉత్కంఠ. ఇక్కడ దాచిందేమీ లేదు. అంతా మనకు చెప్పేశారు. అయినా, చెప్పేశారు కాబట్టే, కూర్చోలేకపోతాం.

ఇంతవరకూ పుస్తకాల్లో దొరికే విషయమే. నేను పిల్లలతో ఎక్కువసేపు మాట్లాడేది దీని తర్వాతి ప్రశ్న గురించి. ఆమె ఎందుకు తిరిగి చూడడం లేదు?

కథ రాసినాయనకు ఆమె చూడకూడదు కాబట్టి చూడడం లేదు అనుకోవచ్చు. అలాంటి కథలు చాలా ఉన్నాయి. ఫోన్ సరిగ్గా అప్పుడే మోగుతుంది, కరెంటు సరిగ్గా అప్పుడే పోతుంది. ఆ ఆలస్యం రచయిత పెట్టింది. పాఠకుడు దాన్ని ఇట్టే పసిగడతాడు. కానీ ఆమె తిరగకపోవడానికి కారణం ఆమెలోనే ఉందనుకోండి. ఆ పిల్లాడికి జబ్బు చేసినప్పుడు మొక్కుకుంది. ఒక్క మెట్టు కూడా వదలకుండా 3,550 మెట్లకూ బొట్టు పెడతానని మొక్కుకుంది. ఒక మెట్టు తప్పితే పిల్లాడికేమవుతుందోనని ఆమె భయం. ఆ భయంతోనే తల దించుకుని ఉంది. పిల్లాడి కోసం దించిన తలే పిల్లాణ్ణి చూడనివ్వడం లేదు.

ఇప్పుడు ఆలస్యం కథ బయటినుంచి రావడం లేదు, మనిషి లోపలినుంచి వస్తోంది. నా దృష్టిలో చిన్నకథకు ఆయువుపట్టు ఇదే. ఉత్కంఠ అంటే ఆలస్యం. ఆ ఆలస్యం ఎవరి స్వభావంలోంచి పుట్టిందన్నదే పాత్ర చిత్రణ. విమర్శ వ్యాసాల్లో "ఉత్కంఠ బాగుంది, పాత్ర చిత్రణ ఇంకొంచెం బాగుండాల్సింది" అని రెండింటికీ వేరువేరుగా మార్కులు వేయడం చూస్తుంటాం. మంచి కథలో వాటిని అలా విడదీయడం కుదరదు. బొట్టు పెడుతున్న ఆ వేలు పాత్ర చిత్రణా, ఉత్కంఠా? రెండూ ఆ ఒక్క వేలే.

దీనికి మన భాషలోనే, ఆధునిక కథ మొదలైన చోటే, నూరేళ్ళు దాటిన ఉదాహరణ ఉంది. గురజాడ అప్పారావు 'దిద్దుబాటు' 1910లో 'ఆంధ్రభారతి'లో వచ్చింది. తెలుగులో మొదటి ఆధునిక కథ అదేనా, అంతకుముందు భండారు అచ్చమాంబ రాసినవా అన్న చర్చ ఉంది. నాకు అచ్చమాంబ వైపు వాదనలో బలం కనిపిస్తుంది, కానీ అది వేరే సంగతి. 'దిద్దుబాటు' కథ చాలామందికి తెలిసిందే. రాత్రి ఒంటిగంట వేళ గోపాలరావు ఇంటికొస్తాడు. సానుల పాట విని వస్తున్నాడు. "తలుపు! తలుపు!" అంటాడు. లోపలికొస్తే భార్య కమలిని కనపడదు. నౌకరు రాముణ్ణి లేపుతాడు. కోపంలో వాడి వీపు మీద కొడతాడు, వెంటనే జాలిపడతాడు. బల్ల మీద ఉత్తరం దొరుకుతుంది. చివరకు మంచం కిందినుంచి నవ్వు వినిపిస్తుంది. కమలిని ఎక్కడికీ పోలేదు.

మొదటిసారి చదివినప్పుడు ఇది కుతూహలం కథ. ఆమె ఎక్కడ, ఉత్తరంలో ఏముంది అని తిప్పుకుంటూ పోతాం. ఆఖర్న ఉలికిపడి నవ్వుకుంటాం. నేను పిల్లలకు ఈ కథను వరసగా రెండుసార్లు చదివిస్తాను. రెండోసారి చదివేది వేరే కథ.

ఇక్కడ సస్పెన్స్ సినిమాలకు పేరుపడ్డ దర్శకుడు హిచ్‌కాక్ మాట ఒకటి అక్కరకొస్తుంది. 1962లో ఫ్రెంచి దర్శకుడు త్రూఫోతో మాట్లాడుతూ ఆయన ఇచ్చిన ఉదాహరణ చాలామంది వినే ఉంటారు. ఇద్దరు బల్ల దగ్గర కూర్చుని పిచ్చాపాటీ మాట్లాడుకుంటున్నారు. బల్ల కింద బాంబు ఉంది. ఆ సంగతి మనకు తెలియకపోతే, పేలినప్పుడు 15 సెకన్ల ఉలికిపాటు. ముందే చూపిస్తే 15 నిమిషాల ఉత్కంఠ. అవే పనికిరాని మాటలను ఇప్పుడు మనం చెవులు రిక్కించుకుని వింటాం.

గురజాడ కథలో మంచం కింద కమలిని ఉంది. రెండోసారి చదివేటప్పుడు మనకది తెలుసు. అప్పుడు గోపాలరావు నోట్లోంచి వచ్చే ప్రతి మాటనూ ఇద్దరు వింటుంటారు, మనమూ ఆమె. రాముణ్ణి కొట్టిన చప్పుడు ఆమె విన్నది. ఆ వెంటనే పడిన పశ్చాత్తాపం విన్నది. చదువుకున్న ఆడదాని గొప్పతనం గురించి రాముడికి ఆయన చెప్పిన ఉపన్యాసం కూడా విన్నది. ఆ ఉపన్యాసం ఇస్తున్న మనిషి చదువుకున్న భార్యను ఇంట్లో ఒంటరిగా వదిలి ఒంటిగంటకు ఇంటికొచ్చాడు. ఈ మనిషి తనను తాను ఇంకెంత బయటపెట్టుకుంటాడో అని మనకు లోపల ఒకటే గుబులు.

మరి ఆయన మంచం కింద ఎందుకు వంగి చూడలేదు? దొంగలొచ్చారేమో, ఆమె పడిపోయిందేమో అని ఇల్లంతా వెతికే మనిషైతే చూసేవాడు. గోపాలరావు అంతగా వెతికేవాడు కాదు, మాట్లాడేవాడు. తనకేం జరిగిందన్న దాని చుట్టూ తిరిగే మనిషి. ఆయన మాటకారితనమే కథను సాగదీస్తోంది. అలిపిరి మెట్ల మీద తల్లి వేలు చేసిన పనిని ఇక్కడ గోపాలరావు నోరు చేస్తోంది. క్లాసులో ఒకసారి ఒకమ్మాయి "మేడం, రెండోసారి చదివితే నాకు నవ్వు రాలేదు, ఆమె అంతసేపు ఊపిరి బిగబట్టి ఎట్లా పడుకునిందో అనిపించింది" అంది. ముగింపు తెలిస్తే కథ చిన్నదవుతుందన్నవాళ్ళకు నేను ఆ అమ్మాయి మాటే చెప్తాను.

ఇదే సంగతిని మన పాతవాళ్ళు ఇంకో దారిలో పట్టుకున్నారు. భరతుడి నాట్యశాస్త్రంలో స్థాయీభావాలు ఎనిమిది, వ్యభిచారి భావాలు ముప్పైమూడు. వీటినే సంచారులు అని కూడా అంటాం. శంక, చింత, ఔత్సుక్యం, ఆవేగం, త్రాసం... ఉత్కంఠ అని మనం పిలిచేదాంట్లో ఉండే ముక్కలన్నీ ఎక్కడున్నాయో చూడండి. అన్నీ సంచారుల్లోనే ఉన్నాయి. అలల్లాగా వస్తాయి, పోతాయి. రతి, శోకం, ఉత్సాహం, భయం లాంటి నిలకడైన భావం ఒకటి అడుగున ఉంటేనే అవి దాన్ని పట్టుకుని నిలబడగలవు. ఆ అడుగున ఉండే నీళ్ళు ఒక మనిషి వల్ల వస్తాయి. అర్జునుడి మీద భక్తి, ద్రౌపది జుట్టు విరబోసుకుని తిరుగుతున్నదన్న బాధ లేకపోతే భీముడి గద ఒక కర్ర, అంతే. పెద్దమ్మకు కథ తెలుసు, అయినా ద్రౌపది బాధ ఏటా కొత్తదే. అందుకే శంక కూడా ఏటా కొత్తగా వచ్చేది.

ఇదంతా రాసేవాడి చేతిలో ఎలా పనిచేస్తుందో దగ్గరగా చూపించాలని ఉంది. రెండేళ్ళ కిందట మా విద్యార్థి ఒకడు మామిడి కథ రాసుకొచ్చాడు. వాళ్ళది తోటలున్న ఊరు. జూన్ వచ్చిందంటే పల్ప్ ఫ్యాక్టరీల గేట్ల బయట తోతాపురి కాయ నింపుకున్న ట్రాక్టర్లు బారులు తీరడం మా వైపు అందరికీ తెలిసిన దృశ్యం. ధర పడిపోయిన ఏడు ఆ బారు రోజుల తరబడి కదలదు. కథలో మునిరత్నం అనే రైతు ఆ వరసలో ఉన్నాడు.

మొదటి ప్రతి ఇలా మొదలైంది: "మునిరత్నం గుండె దడదడలాడింది. ఏదో ఘోరం జరగబోతోందని అతని మనసు చెబుతోంది." క్లాసులో ఎవరూ కదల్లేదు. గుండె దడదడలాడింది మునిరత్నానికి, మాకు కాదు. అతనెవరో మాకింకా తెలియదు.

రెండో ప్రతిలో వాడు లెక్కలు పెట్టాడు. మూడో రోజు, ముందు 41 ట్రాక్టర్లు, ట్రాక్టర్‌కు దినం బాడుగ ఇంత, తోట మీద అప్పు ఇంత, కాయ మెత్తబడుతోంది. ఇప్పుడు అందరూ విన్నారు. ఏం పోతుందో తెలిసింది. కానీ పేపర్లో వార్త విన్నట్టే విన్నారు. ఆ లెక్కలు ఏ రైతువైనా కావచ్చు.

మూడో ప్రతికి వాడు నెల తీసుకున్నాడు. ఈసారి మునిరత్నం బానెట్ మీద ఒక కాయ పెట్టుకున్నాడు. లోడు నింపిన రోజు దాంట్లోంచే తీసిన కాయ. పొద్దున, మధ్యాహ్నం, రాత్రి ఆ ఒక్క కాయనే చేతిలోకి తీసుకుని తొడిమ పక్కన బొటనవేలితో నొక్కి చూస్తాడు. లోడులో ఉన్న టన్నుల కాయకు అదే గడియారం. మొదటి రోజు వేలు దిగలేదు. రెండో రోజు కొంచెం దిగింది. ఆ రాత్రి ఎవరో ట్రాక్టర్ పక్కనుంచి తెచ్చి వరసలో దూర్చబోతే, మునిరత్నం దానికి అడ్డంగా నిలబడి బానెట్ మీద చెయ్యి పెట్టి "వరస వరసే" అన్నాడు. అంతకంటే ఎక్కువ మాట్లాడలేదు. ట్రాక్టర్ వెనక్కి పోయింది. మూడో పొద్దున వెనక ట్రాక్టర్ నడుపుతున్న చిన్నోడు వచ్చాడు.

"అన్నా, నా కాయ కారతా ఉండాది. నీ ముందర నన్ను పోనీ అన్నా."

మునిరత్నం వంగి చూశాడు. వాడి ట్రైలర్ కింద నేల తడిగా ఉంది, ఈగలు ముసిరాయి.

"మీ నాయన యాడబ్బా?"

"ఇంటికాడుండాడు. కాయను చూడలేక రాలేదన్నా."

అప్పుడు ముందున్న ట్రాక్టర్ కదిలింది. మునిరత్నం బానెట్ మీది కాయ తీసుకుని బొటనవేలితో నొక్కాడు. అక్కడ చదవడం ఆపమన్నాను.

క్లాసు రెండుగా చీలిపోయింది. పోనిస్తాడని కొందరు, పోనివ్వడని కొందరు. గమ్మత్తేమిటంటే రెండు వైపులా అదే మాట పట్టుకున్నారు, "వరస వరసే". రాత్రి అంత గట్టిగా నిలబడ్డ మనిషి పొద్దున ఎట్లా మారతాడు అని ఒకరు. వరస కోసం నిలబడింది అన్యాయం చూడలేకే కదా, ఈ చిన్నోడి కాయ కారిపోవడం మాత్రం చూడగలడా అని ఇంకొకరు. ఆ వాదన జరుగుతున్నంతసేపూ వాళ్ళు మునిరత్నం గురించి మాట్లాడుతున్నామనుకున్నారు గానీ, ఎవరికి వాళ్ళు తమ ఇళ్ళల్లో ఉన్న మనుషుల గురించి మాట్లాడుతున్నారు. "మా నాయనైతే" అని మొదలుపెట్టినవాళ్ళే ముగ్గురున్నారు. కథలో లేనిది పాఠకుడు తెచ్చి కలుపుతాడు. కలపడానికి చోటు ఉండాలి, కలిపింది నిలబడటానికి గట్టి గుంజ ఉండాలి. ఆ కాయ, ఆ రెండు మాటలు అలాంటి గుంజలు. మునిరత్నం మంచివాడో చెడ్డవాడో కథలో ఎక్కడా లేదు. "ఆయన దయగలవాడు" అని ముందే రాసి ఉంటే మాకు వాదించుకోవడానికి ఏమీ మిగిలేది కాదు.

ఆఖరి బెంచీలోంచి ఒకమ్మాయి అంతవరకూ ఎవరికీ తట్టనిది అడిగింది: "పోనిస్తే, మా కాయ కూడా కారతా ఉండాదని ఆ చిన్నోడి వెనక ఉండే నలభై మంది వస్తే ఏం చెప్తాడు?" రాసిన పిల్లాడు చాలాసేపు మాట్లాడలేదు. తర్వాతి వారం ముగింపు తెచ్చాడు. మునిరత్నం ట్రాక్టర్ దిగి, తన ముందరి చోటు ఖాళీగానే వదిలేసి, వెనక్కి నడుచుకుంటూ పోయి ఒక్కొక్కరినీ అడుగుతాడు. మూడో ట్రాక్టర్ దగ్గర ఆయన నోరు తెరవడంతో కథ అయిపోతుంది. ఎంతమంది ఒప్పుకున్నారో తెలియదు. చివర చెప్పలేదని ఎవరూ గొడవ చేయలేదు. వరస అంటే ఆయనకు ఏమిటో తెలిసిపోయింది కదా.

ఇక్కడ ఒక అపోహ తీసేయాలి. పాఠకుడికి టెన్షన్ పుట్టాలంటే పాత్ర మంచిదై ఉండాలని చాలామంది అనుకుంటారు. అక్కర్లేదు. హిచ్‌కాకే అదే సంభాషణలో ఇంకో సంగతి చెప్పాడు. పరాయి గదిలో దూరి సొరుగులు వెతుకుతున్న మనిషి ఉన్నాడు, గది సొంతదారు మెట్లెక్కి వస్తున్నాడు. చూసేవాళ్ళు దొంగ వైపే ఉండి "తొందరగా కానీ" అనుకుంటారు. మనసు ముందు అతుక్కునేది మంచితనానికి కాదు, కోరికకు. ఒక మనిషికి ఏదో కావాలి, అది చేజారేలా ఉంది. అంత తెలిస్తే చాలు, మనం అతని పక్కన నిలబడిపోతాం. ఎవరి పక్కన నిలబడ్డామో ఆలస్యంగా తెలుసుకుని సిగ్గుపడేలా చేసే కథలు కూడా ఉన్నాయి. అవి గొప్ప కథలు.

ఉత్కంఠ పేరుతో జరిగే ఒక మోసం గురించి కూడా చెప్పాలి, ఎందుకంటే పోటీలకు వచ్చే కథల్లో నన్ను ఎక్కువగా బాధపెట్టేది అదే. కథ ఒక అమ్మాయి మనసులోంచి నడుస్తూ ఉంటుంది. ఆమె ఆలోచనలన్నీ మనకు వినిపిస్తుంటాయి. ఇంతలో "ఆ ఉత్తరం చదివి ఆమె వణికిపోయింది" అని రాసి, అందులో ఏముందో నాలుగు పేజీల తర్వాత చెప్తారు. ఆమె మనసులో కూర్చోబెట్టిన పాఠకుణ్ణి సరిగ్గా అవసరమైనప్పుడు బయటికి గెంటేసినట్టు. గోపాలరావు ఉత్తరం చదివితే మనమూ అప్పుడే చదివాం. అతనికి తెలియనిదే మనకూ తెలియదు. ఆ నిజాయితీ వల్లే చివరి నవ్వు మోసంలా అనిపించదు. పాత్రకు తెలిసింది పాఠకుడి దగ్గర దాచితే ఉత్కంఠ పుట్టదు, చిరాకు పుడుతుంది. పాత్రకు తెలియనిది పాఠకుడికి చెప్తే మాత్రం పుడుతుంది.

చిన్నకథలో చోటు తక్కువ కదా, పాత్రను ఎక్కడ కట్టాలి అని అడుగుతారు. పుట్టుక, చదువు, కులం, పెళ్ళి అన్నీ రాస్తే అది దరఖాస్తు. మా జిల్లాలో పుట్టిన డాక్టర్ కేశవరెడ్డి 'అతడు అడవిని జయించాడు' చిన్న నవలే గానీ ఈ ప్రశ్నకు మంచి జవాబు. అందులో ముసలివాడికి పేరు లేదు. తప్పిపోయిన పందిని వెతుక్కుంటూ అడవిలోకి పోతాడు. అతనెవరో మనకు తెలిసేదంతా అతను అడవిని ఎలా చూస్తాడన్న దాంట్లోంచే. దేనికి ఆగాడు, దేన్ని పట్టించుకోలేదు, దేన్ని చూసి జంకాడు, అంతే. ఆపదలో ఉన్నప్పుడు మనిషి కన్ను ఎక్కడ ఆగుతుందో చెప్తే అతని చరిత్ర సగం చెప్పినట్టే.

ఇక మా తిరుపతి గంగమ్మ దగ్గరికి వస్తాను. మే నెలలో జాతర జరిగే వారం రోజులూ ఊళ్ళో రోజుకో వేషం. బైరాగి, బండ, తోటి. జనం చెప్పుకునే కథ ప్రకారం ఆడవాళ్ళను చెరిచే పాలెగాడు గంగమ్మ జోలికి పోయాడు, ఆమె నిజరూపం చూసి హడలిపోయి దాక్కున్నాడు. ఆమె వేషాలు మార్చి వీధి వీధీ వెతికింది. నాలుగో రోజు దొర వేషం కట్టింది. దొరొచ్చాడని వాడు బయటికొచ్చాడు. చూడండి, ప్రాణభయంతో దాక్కున్నవాణ్ణి కూడా దొర ముందు కనపడాలన్న పాలెగాడి బుద్ధే బయటికి లాగింది. వాడి తల తెగింది. మూడు రోజుల ఆలస్యమూ వాడి భయంలోంచే వచ్చింది, ముగింపు కూడా వాడి స్వభావంలోంచే వచ్చింది.

కథ అక్కడ అయిపోవాలి. దుష్టుడు చచ్చాడు, ఇంకేం జరుగుతుందో అన్న ఉత్కంఠ తీరిపోయింది. కానీ జాతర అయిపోదు. ఐదో రోజు మాతంగి వేషం. ఆ వేషంలో గంగమ్మ పాలెగాడి పెళ్ళాం దగ్గరికి పోయి ఓదార్చిందంటారు.

చంపినామె పోయి ఎందుకు ఓదార్చాలి అని చిన్నప్పుడు పెద్దమ్మను అడిగాను. ఏదో చెప్పింది. మరుసటి ఏడు మళ్ళీ అడిగితే వేరే చెప్పింది. ఆమె బతికున్నన్నాళ్ళూ అడుగుతూనే ఉన్నాను, ఏటికొక జవాబు చెప్తూనే ఉంది. మొన్న జాతరలో మాతంగి వేషాలు మా వీధిలోంచి పోతుంటే, నా పక్కన నిలబడ్డ మా విద్యార్థిని అదే ప్రశ్న అడిగింది. నేను చెప్పిన జవాబు పెద్దమ్మ చెప్పినవాటిలో లేదు.